టీచర్ గారు గీసిన సగం గీత

టీచర్ గారు ఇక లేరని నాకు చెప్పినవాడు ఒక గొర్రెల కాపరి. ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ జగ్గయ్యపేటలో మా కిరాణా షాపులో లైట్లు వేసి, అలవాటు ప్రకారం ఆవిడకి ఫోన్ చేశాను. ప్రతి శుక్రవారం నేను "రేపు ఎన్నింటికండీ?" అని అడగటం, ఆవిడ "ఎండ మీ షాపు మెట్లెక్కక ముందు" అనటం మామూలే. ఆ రోజు ఎత్తింది ఆవిడ కాదు. కాసేపు గాలి చప్పుడు, దూరంగా గొర్రెల అరుపులు. తర్వాత ఎవరో మగమనిషి గొంతు.

"టీచరమ్మ ఫోనేనండీ. ఆమె సైకిల్ సంచిలో మోగుతుంటే ఎత్తినా. మీరు గుట్ట కాడికి రాండి. ఒక్కరే రాకండి," అన్నాడు.

ఒక్కణ్ణే రావద్దని ఎందుకన్నాడో దారిలోనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా గుట్ట చేరేదాకా నాకు నేనే అబద్ధాలు చెప్పుకుంటూ పోయాను. కాలు బెణికి ఉంటుంది, టైరు పేలి ఉంటుంది అనుకుంటూ.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. నందిగామ హైస్కూల్లో ఏళ్ళ తరబడి పిల్లల చేత పరుగులు పెట్టించిన డ్రిల్ టీచరు. రిటైరయ్యాక మా జగ్గయ్యపేటలో చెల్లెలి ఇంటికి వచ్చేశారు. మెడలో విజిల్ మాత్రం రిటైర్ కాలేదు. ఆ వయసులో ఆవిడ ఒక సైకిల్ కొన్నారు. దాన్ని గ్రావెల్ బైక్ అంటారట. మా షాపు ముందు ఆగి చూసినవాళ్ళంతా దానికి కంకర సైకిల్ అని పేరు పెట్టారు. రేసు సైకిల్‌కున్నట్టు వంకీ తిరిగిన హ్యాండిల్, దానికి పొంతన లేని లావు టైర్లు. తారు రోడ్డు మీదికి పోతే దానికి అవమానమన్నట్టు ఆవిడ ఎప్పుడూ డొంకల్లోకి, కాలవ కట్టల మీదికి, గుట్టల్లోకి తిప్పేవారు.

నేను ఆవిడకి మొదట ముగ్గు అమ్మేవాణ్ణి. సంక్రాంతి నెల కాకపోయినా, ప్రతివారం వచ్చి రాతిముగ్గు ప్యాకెట్ అడిగేవారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషికి ఇంత ముగ్గు దేనికా అని నాకు ఒకటే దురద. ఆగలేక ఒకరోజు అడిగేశాను.

"రోడ్డు మీద వేస్తానండి శెట్టిగారూ. ఎందుకో చూడాలంటే శనివారం సైకిలేసుకుని రండి. మీ పొట్టకి కూడా మంచిది," అన్నారు.

నాకు అప్పటికే షుగర్ వచ్చి, డాక్టర్ గారు నడవమన్నారు. బజార్లో నడిస్తే అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి బేరం పెడతారు కాబట్టి అది సాగలేదు. ఆ శనివారం వెళ్ళాను. నాతో పాటు డిగ్రీ చదివే మా అమ్మాయి కూడా బయలుదేరింది, నాన్న ఎక్కడ పడతాడో చూడాలని. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. మా గుంపు అంతే.

ముగ్గు సంగతి అప్పుడు తెలిసింది. శనివారం మమ్మల్ని తీసుకెళ్ళబోయే దారిని శుక్రవారం సాయంత్రం ఆవిడ ఒక్కరే తొక్కి చూసొచ్చేవారు. ఖాళీ సాస్ సీసాలో ముగ్గు పోసుకుని, దారి చీలిన ప్రతిచోటా నేల మీద బాణం గుర్తు వేసేవారు. దారి తెగినా, గుంట పడినా, అటు వెళ్ళకూడదనుకున్నా అక్కడ దారికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసేవారు. బాణం ఉంటే వెళ్ళాలి. గీత ఉంటే దిగి, సైకిల్ వెనక్కి తిప్పాలి. దాని మీద వాదన లేదు. స్కూలు గ్రౌండులో సున్నంతో గీతలు గీసీ గీసీ ఆ చేతికి గీత వంకర పోవటం తెలియదు. సగంలో ఆపటం అంతకన్నా తెలియదు.

మా ప్రాంతంలో ఊరి బయట, దారులు కలిసేచోట, తెల్లారేసరికి తెల్లటి పిండి గీతలు కనపడితే జనం ఏమనుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. గుట్ట కింద ఒక పల్లె ఉంది. ఆ పల్లె మొగలో మూడు దారులు కలిసేచోట, ఒక శనివారం పొద్దున్నే మాకు టీచర్ గారి బాణం కనపడింది. దాని చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ, వేపమండలు. సైకిల్ దిగిపోయాను.

"టీచర్ గారూ, ఎవరో ఏదో చేయించారు. వెనక్కి పోదాం పదండి," అన్నాను.

"ఆ బాణం నాదేనండీ."

"నిమ్మకాయలు?"

"అవి నావి కావు," అన్నారు ఆవిడ, నవ్వకుండా.

అంతలో తుమ్మచెట్ల వెనక నుంచి కర్ర పుచ్చుకుని ఒక మనిషి లేచాడు. చేతబడి చేసేవాడు తన పిండి చూసుకోటానికి ఎలాగూ వస్తాడని చీకటితోనే కాపు కాశాడట. విరుగుడుగా నిమ్మకాయలు పెట్టింది కూడా అతనే. ఆ ఊరి గొర్రెల కాపరి. మేం అతన్ని చూసి భయపడ్డాం, మా హెల్మెట్లూ నల్ల కళ్ళద్దాలూ చూసి అతను మాకంటే ఎక్కువ భయపడ్డాడు.

"మా ఊరి పొలిమేరల పిండి పోస్తున్నది నువ్వేనామ్మా?" అన్నాడు.

"నేనేనయ్యా. నిన్న సాయంత్రం వేశా. మీ ఊళ్ళో ఒకావిడ చూసింది, మంచినీళ్ళు కూడా ఇచ్చింది." ఆవిడ మొత్తం విడమరిచి చెప్పారు. అతను అంతా విని, ఒక్కటే అడిగాడు.

"అడ్డగీత దాటితే ఏమైతది?"

"దాటితే పడతావు. అంతే."

ఆ "అంతే" అన్నమాట ఊళ్ళోకి వెళ్ళేసరికి వేరే అయింది. టీచరమ్మ గీత దాటినవాళ్ళు బతకరని పల్లెంతా చెప్పుకున్నారు. ఆవిడ రెండు మూడుసార్లు వెళ్ళి అది ఉత్త ముగ్గేనని చెప్పి చూశారు. వాళ్ళు తలూపారే గానీ నమ్మలేదు. చివరికి విసుగొచ్చి, "పోనీలెండి, దాటకుండా ఉంటే చాలు," అని వదిలేశారు. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నవ్వు రాదు.

ఆవిడ వెనక మేం తిరిగిన దారులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. మిరపకల్లాల మధ్య నుంచి తుమ్ముకుంటూ పెనుగంచిప్రోలు దాకా ఏటి గట్టు. పత్తి చేల పక్క కంకర దారి. జి.కొండూరు దాటి మైలవరం వైపు, అడవిలో ఎండుటాకులు టైర్ల కింద నలిగే చోటు. మేమందరం అందం చూసేవాళ్ళం. ఆవిడ మాత్రం నేల చూసేవారు. ఇసుక లారీలు తిరిగిన చోట గట్టు ఎంత కుంగిందో, నిన్నటి వానకి చప్టా పక్క మట్టి ఎంత కొట్టుకుపోయిందో చూసి, విజిల్‌ని నోట్లో పెట్టుకునేవారు. ఊదేవారు కాదు. నోట్లో పెట్టుకున్నారంటే మాకందరికీ బ్రేకుల మీదికి వేళ్ళు పోయేవి.

ఒకసారి మున్నేటి చప్టా మీద నీళ్ళు పాదాల పైకి పారుతున్నాయి. దిగి, సైకిళ్ళు నడిపించమన్నారు. నేను నా కొత్త సైకిల్‌ని ఎగువ వైపు పెట్టుకుని, ఒంటితో అడ్డం కాస్తూ నడుస్తున్నాను.

"సైకిల్ దిగువ వైపు పెట్టుకోండి. ఏరు లాగితే అది పోవాలి, మీరుండాలి," అన్నారు.

"ఖరీదైన సైకిలండీ."

"మరి మీరు చవకా?"

ఆ మాటకి మా అమ్మాయి ఏటి మధ్యలో పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక వెనక్కి తిరిగి నీళ్ళ వంక చాలాసేపు చూశారు. "ఇది పోయినసారి మనం దాటిన ఏరు కాదు," అన్నారు నెమ్మదిగా. అలాంటి మాటలు ఆవిడ నోట తరచూ వచ్చేవి. మేం పెద్దావిడ చాదస్తంలే అనుకునేవాళ్ళం.

ఇక గుట్ట సంగతి. అది మా దారులన్నిట్లోకీ మా అమ్మాయికి ఇష్టమైనది. పల్లె వైపు నుంచి మోదుగ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కాలి. పైన కాస్త చదును. అది దాటగానే అవతలి వైపు కంకర దారి ఏటవాలుగా, పొడుగ్గా, కింద చేల దాకా దిగుతుంది. మా పిల్ల అందరికంటే ముందు ఎక్కేసి, చదునులో ఆగకుండా, అవతలికి బ్రేకులు వదిలేసేది. నేను కింది నుంచి అరిచే అరుపులు దానికి వినపడేవి కావు.

గుట్టకి అవతలి వైపు కింద క్వారీ ఉంది. మొదట్లో అది దూరంగా ఒక తెల్లటి మచ్చ. మధ్యాహ్నం సైరన్ మోగేది, తర్వాత పేలుడు. పేటలో మా షాపులో గాజు సీసాలు గల్లుమనేవి, మేం పట్టించుకునేవాళ్ళం కాదు. రానురాను ఆ మచ్చ దగ్గరికొచ్చింది. అవతలి ఏటవాలు ప్రతి నెలా కొంచెం కురచ అయ్యేది. దారి పక్క చెట్ల ఆకులు ఎప్పుడు చూసినా పిండి చల్లినట్టు తెల్లగా ఉండేవి. ఒక వేసవి నుంచి గుట్ట మీద పిట్ట కూత కూడా తగ్గిపోయిందని టీచర్ గారే ముందు గమనించారు.

ఆ వేసవిలోనే షాపుకొచ్చి, "ఎర్రముగ్గు ఉందా శెట్టిగారూ?" అని అడిగారు.

"పండగ ముగ్గులోకి వేసే రంగు ఉంది. దేనికండీ?"

"గుట్ట మీద తెల్లముగ్గు కనపట్లేదు. క్వారీ దుమ్ము, నా ముగ్గు ఒకే రంగు అయిపోయినయ్యి."

ఎర్రరంగు ప్యాకెట్ కట్టి ఇచ్చాను. ఎందుకో ఆవేళ డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు. ఆవిడ ఒప్పుకోకుండా బల్ల మీద పెట్టి పోయారు.

ఆ తర్వాతి శనివారం గుట్ట మీద మా అమ్మాయిని ఆపి కూర్చోబెట్టారు. గట్టిగా తిట్టటం ఆవిడకి అలవాటు లేదు. "అమ్మడూ, పోయినవారం చూసిన దారి పోయినవారానికే. ఈ వారం దాన్ని మళ్ళీ కొత్తగా చూడాలి. పైకొచ్చాక దిగు. దిగితే పరువేం పోదు," అన్నారు. మా పిల్ల తలూపింది. ఆ వయసులో తలూపటానికి పెద్ద విలువ లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆవిడ గుట్టని వదిలిపెట్టలేదు. మేం శనివారం వేరే దారిన పోవాలనుకున్నా సరే, గుట్ట ఒకసారి చూసి రావాల్సిందే. "పిల్ల ఒక్కతే వచ్చినా వస్తుంది," అనేవారు.

కాపరి ఫోనెత్తిన ఆ సాయంత్రం నేనూ, మా గుంపులో ఇంకొకాయనా వెళ్ళేసరికి పల్లెలో మగవాళ్ళంతా గుట్ట ఎక్కుతున్నారు. చదునుకి ఇవతలే ఆవిడ సైకిల్ ఒక రాయికి ఆనించి ఉంది. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి ఉంది. దిగి నడిచారన్నమాట, మాకు చెప్పినట్టే. గొర్రెల కాపరి నన్ను చెయ్యి పట్టుకుని ఆపి, నేల మీద చూపించాడు. ఎర్రగీత. దారి ఎడమ అంచున మొదలై, తాడు పట్టి గీసినంత తిన్నగా సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత నేల లేదు.

అవతలి ఏటవాలు మొత్తం పోయింది. ఆ వారంలోనే తవ్వేశారు. ఇవతలి నుంచి ఎక్కేవాళ్ళకి చదును ఎప్పటిలాగే కనపడుతుంది, దాని చివర ఆకాశం కనపడుతుంది, అంతే. ఆవిడ అది చూశారు. చూసి, అంచుకి చాలా వెనక్కి వచ్చే గీత మొదలుపెట్టారు. కింద నుంచి గుట్టని బోలుగా తొలిచారని పైనున్న మనిషికి ఎలా తెలుస్తుంది? గీత సగానికి వచ్చేసరికి ఆ పక్క నేల ఆవిడతో సహా విరిగి పడింది.

"గొర్రెల్ని తోలుకొస్తున్నానండీ," అన్నాడు కాపరి. "ఎర్రగీత కనపడ్డది. టీచరమ్మ గీత దాటొద్దని మందని మళ్ళేసినా. మళ్ళేసినాక చూస్తే గీత సగమే ఉంది. ఆమె సగం గీసి పోయే మనిషి కాదు గదా అనిపించింది. అందుకే అంచుదాకా పాక్కుంటా పోయి చూసినా."

నేను ఆ గీత పక్కన కూలబడ్డాను. ఏడ్చాను. చెప్పటానికి సిగ్గేమీ లేదు. తెల్లారితే శనివారం. తెల్లారితే మా అమ్మాయి అందరికంటే ముందు ఆ గుట్ట ఎక్కి, చదునులో ఆగకుండా, బ్రేకులు వదిలేది.

ఆదివారం చర్చిలో ప్రార్థన చేసి, పేట సమాధుల తోటలో ఆవిడని పెట్టారు. నందిగామ నుంచి ఆవిడ దగ్గర పరుగులు తీసిన పిల్లలు, ఇప్పుడు నెరిసిన తలలవాళ్ళు, బస్సుల్లో వచ్చారు. చెల్లెలు గారు విజిల్‌ని ఆవిడ మెడలోనే ఉంచేశారు. పల్లె నుంచి కూడా జనం వచ్చారు. వాళ్ళలో ఎవరో, "తన గీత తనే దాటింది, అందుకే," అని గుసగుసలాడటం నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా కాపరే వాళ్ళ వంక తిరిగి, "దాటలే. గీస్తుంటే పోయింది. నేను చూసినా," అన్నాడు.

ఇంటికొచ్చి మా అమ్మాయి సైకిల్‌ని గోడౌన్లో బస్తాల వెనక పెట్టి తాళం వేశాను. శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయి షాపుకొచ్చి, బల్ల ముందు నిలబడి, "నాన్నా, ఎర్రముగ్గు ఇవ్వు," అంది.

"ఎందుకు?"

"రేపు మనం వెళ్ళం సరే. గొర్రెలాయన రోజూ అటే ఎక్కుతాడు. కట్టెలకి ఆడవాళ్ళు వెళ్తారు. గీత సగమే ఉంది కదా."

ఇద్దరం నడిచే ఎక్కాం. చెప్పాల్సిన ఆఫీసుల్లో అప్పటికే చెప్పాం. ఎవరో వచ్చి అంచు పొడుగునా గుంజలు పాతి, తాడు కట్టి, దానికి రంగు గుడ్డలు కట్టి పోయారు. మేం వెళ్ళేసరికి రెండు గుంజలు తాడుతో సహా గోతిలోకి వేలాడుతున్నాయి. గాలికి ఆ గుడ్డలు కింద ఎక్కడో టపటప కొట్టుకుంటున్నాయి.

టీచర్ గారి సగం గీత అలాగే ఉంది. మా అమ్మాయి దాన్ని పూర్తి చేస్తుందనే అనుకున్నాను. కానీ మిగతా సగం గీయటానికి అక్కడ నేల ఏది? నేనే పిల్ల భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి అంటూ మోదుగ చెట్ల దాకా తెచ్చాను. అక్కడ అది వంగి, సీసా తలకిందులు చేసి, దారికి ఈ చివర నుంచి ఆ చివరకి గీసింది. గీత కొంచెం వంకర పోయింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వెళ్తున్నాం. రెండోసారి వెళ్ళినప్పుడు టీచర్ గారి సగం గీత లేదు, అది ఉన్న నేలా లేదు. మా అమ్మాయి గీసిన మొదటి గీతకి కూడా ఇప్పుడు ఒక చివర తెగింది. మేం దాన్ని వదిలి వెనక్కొచ్చి ఇంకోటి గీశాం. ఇప్పుడు గీత చదునులో లేదు. ఎక్కే దారిలో, మెలిక దగ్గరికి దిగొచ్చింది.

నిన్న వెళ్ళేసరికి కాపరి అక్కడే నిలబడి ఉన్నాడు. మంద కింద మేస్తోంది. మా అమ్మాయి సీసా మూత తీసి, "ఇంకెంత వెనక్కి గియ్యమంటారు?" అని అడిగింది. అతను తల తిప్పి, చెట్ల సందుల్లోంచి కింద కనపడే వాళ్ళ ఊరి ఇళ్ళ వంక చూశాడు.

మా అమ్మాయి మెలికకి ఇంకొంచెం కింద గీత గీసి ముగించేసరికి సైరన్ మోగింది. ముగ్గురం ఉన్నచోటే కూర్చున్నాం. పేలుడు చెవులకంటే ముందు అరికాళ్ళకి తెలిసింది. కాసేపటికి అంచు మీదుగా తెల్లటి దుమ్ము లేచి, చప్పుడు లేకుండా మా మీదా, మోదుగాకుల మీదా, అప్పుడే గీసిన ఎర్రగీత మీదా దిగింది. గీత మెల్లగా గులాబీ రంగుకి తిరిగి, తర్వాత కనపడకుండా పోయింది. మా అమ్మాయి లేచి, ఒళ్ళు దులుపుకోకుండానే, గుర్తున్నచోట మళ్ళీ మొదటి నుంచి గీయటం మొదలుపెట్టింది.